రాగిరేకు మీద మామ్మ

మొన్న వేసవిలో మా మనవరాలు నా ఫొటో ఒకటి తీసి, ఫోను మీద వేలితో ఒక్కసారి తట్టి, "ఇదిగో అమ్మమ్మా, నీ ఎచింగ్" అని నా మొహం ముందు పెట్టింది. చూస్తే నిజంగానే గీతల బొమ్మ. బుగ్గల మీద పలచగా, గడ్డం కింద ఒత్తుగా, జుట్టులో సన్నంగా, ఎక్కడ ఉండాల్సిన గీత అక్కడే ఉంది. రాగిరేకు మీద బొమ్మ గీసి అచ్చు తీయడం ముప్ఫయ్యేళ్ళపాటు ఆడపిల్లల కాలేజీలో నేర్పి రిటైరైన మనిషిని నేను. కళ్ళజోడు సర్దుకుని మరీ తప్పు వెతికాను. చెప్పుకోదగ్గ తప్పేమీ దొరకలేదు, దానితో ఇంకా ఒళ్ళు మండింది. "ఎంతసేపు పట్టిందే?" అన్నాను. "పట్టడమేంటి? అయిపోయిందిగా" అంది ఆ పిల్ల, నేనేదో వింత ప్రశ్న అడిగినట్టు. అంతలోనే నా బొమ్మని పక్కకి తోసేసి, మా పిల్లి ఫొటోకి కూడా అదే పని చేసింది. పిల్లికి కూడా బాగానే కుదిరింది.

ఆ పూటంతా ముభావంగా తిరిగాను. కోపం ఆ పిల్ల మీద కాదని నాకూ తెలుసు. ఒక్క ముఖాన్ని రాగి మీదికి ఎక్కించడానికి నెలన్నర పట్టిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ నెలన్నర పనినీ ఒక్క పొద్దున నా రెండు చేతులతో తోమి పారేసింది కూడా నేనే. ఆ తప్పుని మా పెద్దమ్మ అందరి ముందూ తన నెత్తిన వేసుకుంటే నేను నోరు మెదపలేదు. పెద్దమ్మకి ఇప్పుడు తొంభై దాటాయి. ఇంకెన్నాళ్ళు దాచుకుంటానని, మా అమ్మాయి చేత రాజమండ్రికి టికెట్టు చేయించుకున్నాను.

మా నాన్నకి రావులపాలెంలో బట్టల కొట్టు ఉండేది. డిగ్రీ చదవడానికి నన్ను రాజమండ్రిలో మా పెదనాన్న ఇంట్లో పెట్టారు. ఆయనది రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటి వెనక వసారా, వసారా దిగితే నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు. రెండు సందులు తిరిగితే గోదావరి గట్టు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ ఇంట్లో మాట వినపడేది కాదు. బిందెల మీదా చెంబుల మీదా ఫలానావారి పెళ్ళికి ఫలానావారి కానుక అని చిన్న ఉలితో పేర్లు కొట్టేవాళ్ళు ఇద్దరు అరుగు మీద కూర్చుని పొద్దుటినుంచీ టకటకలాడించేవారు. నేను ఆ చప్పుడులోనే చదువుకున్నాను, ఆ చప్పుడులోనే నిద్రపోయేదాన్ని. సెలవులకి మా ఊరు వెళితే, నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు.

పెదనాన్న మద్రాసులో నాలుగేళ్ళు బొమ్మలు వేయడం చదువుకున్నారు. చదువు చివరికొచ్చేసరికి తాతయ్య పోయారు. ఏడుగురిలో పెద్దవాడు కాబట్టి తిరిగొచ్చి కొట్లో కూర్చున్నారు. వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె నిండా సిరా డబ్బాలూ సూదులూ తెచ్చుకున్నారట. కావలసిన రాగి ఎటూ కొట్లోనే ఉంది. అచ్చు తీసే యంత్రం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఏం చేశారంటే, చెరుకు రసం బండి ఒకదాన్ని లేతు పనివాడికి చూపించి, ఇలాంటివే రెండు రోలర్లు ఇంకా బరువుగా, మధ్యలో ఇనపపలక పోయేట్టు చేసి పెట్టమన్నారు. అతను చాలా బాగా చేసిపెట్టాడు. మా ఇంట్లో మాత్రం చివరిదాకా దాన్ని చెరుకు మిషనే అన్నారు. కొట్లో గుమస్తా ఎండలో తిరిగొచ్చినప్పుడల్లా వసారాలోకి తొంగిచూసి, "ఆయ్, ఓ గ్లాసు అల్లం వేసి కొట్టండి బాబుగారూ" అని పెదనాన్ననే ఆటపట్టించేవాడు.

కొట్టు మధ్యాహ్నం ఒంటిగంటకి కట్టేస్తే మళ్ళీ నాలుగింటికి తీసేవారు. ఆ మూడు గంటలే పెదనాన్నవి. అన్నం తిని, చొక్కా విప్పి కొయ్యకి తగిలించి, వసారాలో పీట మీద కూర్చునేవారు. రాగిరేకుని అద్దంలా తోమి, తేనెమైనంలో గుగ్గిలం కలిపి కరిగించిన పూత దానిమీద పలచగా పూసి, కిరసనాయిలు దీపం పొగ పట్టించి నల్లగా చేసేవారు. ఇల్లంతా గుగ్గిలం వాసన కమ్ముకునేది. ఆ నలుపు మీద దబ్బనంతో గీస్తే, గీసిన మేరకి పూత లేచిపోయి కింద రాగి ఎర్రగా తళుక్కుమనేది. తర్వాత రేకుని కంసాలి వీధి నుంచి తెచ్చిన యాసిడ్‌లో ముంచడం. పూత ఉన్నచోట యాసిడ్ ముట్టుకోదు, గీత ఉన్నచోట రాగిని కొరుకుతుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు. లోతు గీతలో సిరా ఎక్కువ నిలబడి అచ్చు నల్లగా పడుతుంది, పైపై గీత లేతగా పడుతుంది. గీతల మీద బుడగలు లేస్తూ ఉంటే కొంగ ఈకతో నెమ్మదిగా తుడిచేవాళ్ళం. ఆ ఈకలు ఏరుకొచ్చే పని నాది. కాలేజీ నుంచి వస్తూ మడుగుల పక్కన ఈకలు ఏరుతుంటే నా స్నేహితురాళ్ళు నన్ను నానా మాటలూ అనేవారు.

కాగితం పని మాత్రం పెద్దమ్మదే. ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం. కుండ మీంచి పూతరేకు ఒలిచి తీయడం పావడాలు కట్టే వయసులోనే వచ్చిన మనిషి. అచ్చు తీయాలంటే కాగితాన్ని ముందు తడిపి మెత్తబరచాలి. తడి ఎక్కువైతే సిరా పాకిపోతుంది, తక్కువైతే పట్టదు. రేకు చుట్టే ముందు తడిగుడ్డతో అద్దినట్టే పెద్దమ్మ ఆ కాగితాలని అద్ది, దొంతరగా పెట్టి, పైన రుబ్బురాయి పొత్రం పెట్టేది. అచ్చు పడ్డాక రెండు మూలలు పట్టుకుని పైకి లేపేదీ ఆవిడే. పెదనాన్న లేపితే చిరిగేది, నేను లేపితే మడత పడేది. "పంచదార పోస్తే చుట్టేసేట్టున్నావు" అని పెదనాన్న అంటే, "మీరు పొయ్యండి, నేను చుడతాను" అనేది. వాళ్ళిద్దరూ నా ఎదుట ఆడుకున్న సరసం అంతకు మించి ఎన్నడూ నేను చూడలేదు.

ఇక మామ్మ. అంటే పెదనాన్నకీ మా నాన్నకీ తల్లి. తెల్లచీర, బోసి నుదురు, ఉసిరికాయంత ముడి. తెల్లారగట్ల లేచి, మంచం కింద రాగిచెంబులో నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగి, తులసిమాల పట్టుకుని వసారాలో గోడకి ఆనుకుని కూర్చునేది. చేతులు ఖాళీగా ఉంటే మాల, లేకపోతే చింతపండు. ఏడాదికి సరిపడా చింతపండు గింజలూ ఈనెలూ తీసి ఉండలు చేసి జాడీలకి ఎత్తేది. అందులో సగం పులుసులోకి, సగం రాగి తోమడానికి. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఇంట్లో రాగి ఇత్తడి సామానంతా నూతి దగ్గరకి రావాలి. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి, కొబ్బరిపీచు. రాగి కొట్టువారి ఇంట్లో చెంబు నల్లగా ఉంటే ఊళ్ళో తలెత్తుకోలేమని మామ్మ నమ్మకం. మెరవకపోతే మళ్ళీ తోమించేది. తోమిన వస్తువులో ఆవిడ మొహం ఆవిడకి కనపడాలి, అప్పుడే లోపలికి వెళ్ళనిచ్చేది.

అలాంటి మామ్మకి ఒక్క ఫొటో కూడా లేదు. ఎవరు అడిగినా "ఫొటో తీస్తే ఆయుష్షు క్షీణం" అనేది. మా నాన్న కెమెరావాణ్ణి వెంటబెట్టుకొస్తే కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అందుకని పెదనాన్న ఒకరోజు మెల్లగా, "ఇది ఫొటో కాదమ్మా, రాగి మీద గీస్తాను. రాగికి దోషం ఏముంటుంది?" అన్నారు. మామ్మ చింతపండు ఉండ చేస్తూ, "ఎంతసేపు కూచోవాల్రా?" అంది. "రోజూ ఓ గంట, రెండు గంటలు. నెల పైనే పడుతుంది." మామ్మ చేతిలో ఉండని జాడీలో వేసింది. "నువ్వూ కూచుంటావా?" అంది. "నేను కూర్చోకపోతే బొమ్మ ఎవరేస్తారమ్మా!" అని పెదనాన్న నవ్వారు. "సరే అయితే" అంది మామ్మ.

ఆ నెలన్నర నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. మామ్మ పన్నెండింటికే భోజనం కానిచ్చి, చీర మార్చుకుని, స్తంభం పక్కన కుర్చీలో వచ్చి కూర్చునేది. కొట్టు ఇంకా కట్టేవారే కాదు. "వాడింకా రాడేంటే?" అని నన్ను రెండుసార్లు తొంగిచూసి రమ్మనేది. పెదనాన్న వచ్చి ఎదురుగా పీట వేసుకోగానే ఇక మాటలు. కదలకమ్మా అంటే వినదు. పెదనాన్న చిన్నప్పుడు గోదావరిలో దిగి మునగబోతే తాతయ్య జుట్టు పట్టుకుని లాగడం, అన్నవరం కొండెక్కుతూ సగం దారిలో ఎత్తుకోమని మారాం చేయడం, పలక మీద లెక్కలకి బదులు మేక బొమ్మ గీసి దెబ్బలు తినడం. పెదనాన్నకి అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. దబ్బనం గాల్లో ఆపేసి, "మేకా? మేక బొమ్మా?" అని చిన్నపిల్లాడిలా అడిగేవారు. నేను మామ్మ పాదాల దగ్గర కూర్చుని రెండు వైపులా చూసేదాన్ని. మామ్మ మాట్లాడుతూ ఉన్నా కళ్ళు మాత్రం పెదనాన్న మొహం మీంచి కదిలేవి కావు.

యాసిడ్‌లో ఎంతసేపు ఉంచాలో లెక్కపెట్టేదీ మామ్మే. ఆ ఇంట్లో గడియారాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. ఆవిడ తులసిమాల ఒక చుట్టు తిరిగితే బుగ్గలకీ నుదుటికీ సరిపోయే పైపై గీతలు, రెండు చుట్లయితే చీర మడతలు, మూడు చుట్లయితే కనుబొమ్మలు, కళ్ళు. తన ముఖాన్ని తనే జపం చేస్తూ కొరికించుకుంటోందని పెద్దమ్మ వేళాకోళం ఆడేది. నుదుటి మీద ముడతలన్నీ ఒక్క మాలసేపటి గీతలే, వెంట్రుక కంటే సన్నం. పెదనాన్న వాటినే ఎక్కువ ముద్దు చేసుకునేవారు. ఉన్నది ఉన్నట్టు వేయాలని ఆయన పట్టుదల. బోసి నుదురు బోసిగానే, పగిలిన పెదవి పగిలినట్టే.

చివరి రోజున కళ్ళు ముంచాం. అన్నీ మైనంతో కప్పేసి కళ్ళు మాత్రం తెరిచి ఉంచి రేకు యాసిడ్‌లో వేశాం. మామ్మ మాల తిప్పుతోంది. పెదనాన్న ఈకతో బుడగలు తుడుస్తూ, మంచి హుషారులో ఉండి, "ఒకే రేకు మీంచి ఎన్నయినా తీయొచ్చమ్మా. ఏడుగురికీ ఏడు అచ్చులు తీస్తాను. ఏడిళ్ళల్లోనూ గుమ్మానికి ఎదురుగా నువ్వే ఉంటావు" అన్నారు. మామ్మ వేళ్ళు మాల మీద ఆగిపోయాయి. "ఏడెందుకురా?" అంది. "నీ దగ్గర ఒకటి ఉంటే చాలదూ?" పెదనాన్న తల ఎత్తకుండానే నవ్వి, "ఇందులో గొప్పే అది కదా!" అన్నారు. కాసేపటికి "ఎన్నో మాలమ్మా?" అని అడిగితే, మామ్మ తడబడి, "మర్చిపోయాన్రా" అంది. గబగబా రేకు పైకి తీశాం. కళ్ళని యాసిడ్ మరీ లోతుగా కొరికేసింది. ఏం ఫరవాలేదన్నారు పెదనాన్న.

మచ్చుకి రెండు అచ్చులు తీసి, సిరా నచ్చక, అలవాటు ప్రకారం చింపి పొయ్యిలో పడేశారు. మంచి కాగితం తెప్పించి ఏడూ ఒకేసారి తీద్దామని, రేకు పాడవకుండా నల్లటి మైనం పూత పూసి బీరువా మీద పెట్టారు. కాగితం రాకముందే మామ్మకి జ్వరం వచ్చింది. నాలుగో రోజున మధ్యాహ్నం, కొట్టు కట్టే వేళకి, పోయింది.

ఇల్లంతా చుట్టాలతో నిండిపోయింది. పెదనాన్న ఏడవలేదు, ఏడుగురిలో పెద్దవాడికి ఏడవడానికి తీరిక ఎక్కడిది? కాగితం వచ్చిందా లేదా అని మాత్రం గుమస్తాని రోజూ అడిగేవారు. పెద్దకర్మ నాడు తోబుట్టువులందరికీ అచ్చులు పంచాలని ఆయన కోరిక. ఆయన్ని ఆ పదిరోజులూ నిలబెట్టింది ఆ ఒక్క ఆలోచనే అనుకుంటాను. పదకొండో రోజున మైల వదిలించడానికి ఇల్లు కడిగి, సామానంతా నూతి దగ్గర వేశారు. ఇంట్లోవీ, చుట్టాలు వాడినవీ, ఎన్ని బిందెలో ఎన్ని పళ్ళేలో. మామ్మ పోయిన చోట పదిరోజులూ వెలిగిన దీపం, దాని కింద పెట్టిన రాగిరేకు కూడా అందులోనే ఉన్నాయి. మా అత్తయ్యల పిల్లలతో కలిసి నేనూ తోమడానికి కూర్చున్నాను. చేతులు తోముతున్నాయి, నోళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నాయి. నా చేతికి బోర్లా పడి ఉన్న రేకు ఒకటి తగిలింది. వెనకవైపు తోమాను, మెరిసింది. తిప్పితే నల్లగా ఉంది. దీపం కింద రేకు కదా, మసీ నూనే పట్టి గట్టిపడింది అనుకున్నాను. కాగిన నీళ్ళు పోసి మెత్తబరిచి, ఇటుకపొడి చల్లి, పీచుతో బలంకొద్దీ తోమాను. మామ్మ ఉంటే మళ్ళీ తోమిస్తుందన్న భయం ఆవిడ పోయాక కూడా పోలేదు నాకు. నల్లనీళ్ళు కారిపోయాయి. ఆ నీళ్ళ కిందనుంచి ఒక కన్ను నన్ను చూసింది.

చేతిలో పీచు ఎలా జారిపోయిందో తెలీదు. చెంబుడు నీళ్ళు పోసి చూశాను. రెండు కళ్ళూ ఉన్నాయి, కనుబొమ్మలున్నాయి, చెవి పక్కన చీర మడత ఉంది. బుగ్గలు లేవు. నుదురు లేదు. ఆ వెంట్రుకలాంటి గీతలన్నీ ఇటుకపొడితో కలిసి కాలవలో కొబ్బరిచెట్టు మొదట్లోకి పోయాయి. అందరూ లేచి చుట్టూ చేరారు. ఎవరో వెళ్ళి పెదనాన్నని పిలుచుకొచ్చారు. ఆయన వంగి రేకు తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరు?" అన్నారు. గొంతు పైకి లేవలేదు. నా రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. వసారా మెట్ల మీంచి పెద్దమ్మ, "నేనేనండి. నా పనే అది" అంది. ఆయన ఆవిడ వైపు చాలాసేపు చూశారు. రేకుని పంచె చెంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే సిరా వేసి, ఇంట్లో ఉన్న కాగితం మీదే ఒక్క అచ్చు తీశారు. కాగితాన్ని పెద్దమ్మే లేపింది. తెల్లటి కాగితం మధ్యలో రెండు నల్లటి కళ్ళు, ఓ చెవి, ఓ చీర అంచు. మా చిన్నత్తయ్య, "అమ్మ కళ్ళేరా" అని బావురుమంది. పెదనాన్న మాత్రం, "ఇది ఎవరైనా కావచ్చు" అని దాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి ట్రంకు పెట్టె అడుగుకి తోసేశారు. ఆ తర్వాత కూడా ఆయన పని మానలేదు. పడవలు వేశారు, గోదావరి వంతెన వేశారు, లంకల్లో అరటితోటలు వేశారు. ముఖం మాత్రం మళ్ళీ ఒక్కటి కూడా వేయలేదు. నాకు పని నేర్పింది ఆయనే. నేను ముఖాలే వేస్తానంటే, "వెయ్యమ్మా చిట్టీ, నువ్వు వెయ్యి" అన్నారు. ఆయన పోయేదాకా ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపించేది.

నిజం చెప్పాలంటే నా బతుకంతా పెద్దమ్మ అన్న ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఎదుటివాళ్ళ తప్పు నెత్తిన వేసుకోవడం కంటే పెద్ద మంచితనం లేదని నాకు పద్దెనిమిదో ఏటనే రూఢి అయిపోయింది. నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ప్లేటు పాడుచేస్తే నేనే పాడుచేశానని ప్రిన్సిపాల్‌తో చెప్పేదాన్ని. యాసిడ్ ట్రే పగలగొడితే నా చెయ్యే తగిలిందనేదాన్ని. చివరికి ప్రిన్సిపాలే, "మేడమ్, మీ అంత చేతులు జారే మనిషి ఈ పనిలోకి ఎలా వచ్చారు?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. లోపల మాత్రం పెద్దమ్మ బాకీలో కొంత తీర్చుకున్నానని సంతోషంగా ఉండేది.

రాజమండ్రిలో దిగి ముందు కొట్టుకే వెళ్ళాను. ఇప్పుడు మా పెదనాన్న మనవడు కూర్చుంటున్నాడు. రాగి మళ్ళీ గిరాకీ అయిందట. అరల నిండా రాగి సీసాలు, అందులో నీళ్ళు తాగితే ఒంటికి మంచిదని అందరూ కొంటున్నారు. పేర్లు ఇంకా వేస్తున్నారు. కంప్యూటర్లో టైపు చేస్తే ఒక నీలం వెలుతురు చప్పుడు లేకుండా సీసా మీద పేరు రాసేస్తుంది. కావాలంటే ఫొటో ఇస్తే ముఖం కూడా వేస్తుందట. "చూస్తారా అత్తయ్యా, మీది వేసిస్తాను, రెండు నిమిషాలు" అన్నాడు ఆ అబ్బాయి ఎంతో ప్రేమగా. మళ్ళీ ఒళ్ళు మండాల్సింది, ఎందుకో మండలేదు. చక్కగా వేస్తోంది మరి. నాకు నచ్చనిదల్లా ఆ రెండు నిమిషాలే. మా రోజుల్లో పని గొప్పదని నేను అనను, మా పనిలో సగం చిరిగిపోయేది, కాలిపోయేది, చేతులు పుండ్లు పడేవి. కానీ ఒక మనిషి ముఖం కావాలంటే ఆ మనిషి ఎదురుగా కూర్చోక తప్పేది కాదు.

పెద్దమ్మ వాళ్ళ అమ్మాయి దగ్గర దానవాయిపేటలో ఫ్లాట్‌లో ఉంటోంది. బాల్కనీలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చెవులు బాగానే వినపడుతున్నాయి, చూపే కొంచెం మందగించింది. "చిట్టీ, చిక్కిపోయావేంటే?" అంది నా చెయ్యి తడిమి. అలవాటు కొద్దీ సంచిలోంచి స్కెచ్ పుస్తకం తీసి, ఆవిడ మొహం గీయడం మొదలుపెట్టాను. చేతిలో పెన్సిలుంటే మాట తేలిగ్గా వస్తుందని కూడా ఆశ. నుదురు గీసి ఆగిపోయాను.

"పెద్దమ్మా, మామ్మ రేకు తోమింది నేను."

"తెలుసే. వారం రోజులు నీ గోళ్ళలో ఆ నల్ల మైనం పోలేదుగా."

"నాకోసం నువ్వు అబద్ధం ఆడావు. నేను పక్కనే నిలబడి కూడా..."

ఇన్నేళ్ళూ మనసులో వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. పెద్దమ్మ అయోమయంగా నా వైపు మొహం తిప్పింది.

"అబద్ధమా? నేనేం అబద్ధం ఆడానే?"

"నేనే అన్నావుగా పెదనాన్నతో."

"నేనే కదా మరి! బీరువా మీంచి ఆ రేకు తీసుకెళ్ళి గిన్నెల మధ్యన బోర్లా పెట్టింది నేనే. నా చేత్తో తోమాలనే వెళ్ళాను. మీ మామ్మ మొహం మీద ఇటుకపొడి వెయ్యడానికి చేతులు రాలేదు. ఎవరో ఒకరు తోముతార్లే అనుకున్నాను. అది నీ చేతికే వస్తుందని ఎలా అనుకుంటాను?"

నేను పెన్సిలు కింద పెట్టేశాను. పెద్దమ్మ ఎవరో వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. ఏడు అచ్చులని పెదనాన్న అన్న రోజు సాయంత్రం, కాళ్ళకి నూనె రాస్తుంటే మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుందట. "బొట్టు లేని మొహమే. ఏడిళ్ళల్లో గుమ్మానికి ఎదురుగా పెడతాడట. కోడళ్ళూ మనవరాళ్ళూ పొద్దున్నే లేచి ఆ మొహం చూడాలా? శుభమా అని పేరంటానికి బయల్దేరుతూ చూడాలా? నాకు అలా వేలాడాలని లేదే తల్లీ. నేను పోయాక దాన్ని చెరిపెయ్యి" అందట. మాట ఇమ్మని అడిగితే పెద్దమ్మ ఇచ్చింది. అప్పటిదాకా ఫొటో వద్దన్నదీ అందుకేనని ఆవిడకి ఆ పూటే తెలిసిందట.

"మరి మొదటే వద్దనచ్చుగా పెద్దమ్మా? నెలన్నర ఎందుకు కూర్చుంది?"

"నేనూ అదే అడిగాను. 'వాడు మద్రాసునుంచి వచ్చిన దగ్గర్నుంచీ కొట్టు, పద్దు, అన్నం, నిద్ర. నా ఎదురుగా కూచుని నా మొహంలోకి చూసిందెప్పుడే? వద్దంటే లేచి పోతాడు' అంది."

కింద రోడ్డు మీద ఆటోవాడు ఎవరితోనో గొడవ పడుతున్నాడు. యాభై ఏళ్ళు నేను మోసిన తప్పు నాది కాదని తేలిపోతే తేలిగ్గా ఉండాలి కదా, ఉండలేదు. కుర్చీలో పన్నెండింటికే వచ్చి కూర్చున్న మామ్మే కళ్ళముందు ఉంది.

"పెదనాన్నకి చెప్పావా ఇది?"

"లేదే."

"ఒక్కసారైనా చెప్పాల్సింది పెద్దమ్మా. ముఖాలు వేయడమే మానేశారు ఆయన. నీ మీద ఏదో ఉండిపోయి ఉంటుంది మనసులో."

"ఉంటే ఉంది" అంది పెద్దమ్మ. "బొమ్మ నావల్ల పోయిందనుకున్నారు, అంతేగా. అది మోశారు. వాళ్ళమ్మ కూచున్నది బొమ్మ కోసం కాదు, ఆయన ఎదురుగా ఉంటే చాలని అని చెప్తే? అన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఒక్క పూటైనా ఊరికే ఎందుకు కూచోలేదని ఆయన్ని ఆయన తినేసుకునేవారే. అది మొయ్యగలరా ఆయన?"

తర్వాత ఆవిడ, నా రైలు ఎన్నింటికని అడిగింది. రెండున్నరకి అన్నాను. సరే అన్నట్టు తల ఊపి, ఎండ పడుతున్న వైపు నుంచి మొహం తిప్పుకుంది. పుస్తకంలో ఒక్క నుదురు గీత మాత్రం ఉంది. పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను. మా అమ్మాయికి ఫోన్ చేసి టికెట్టు రేపటికి మార్చమని చెప్పి, కుర్చీ పెద్దమ్మకి ఎదురుగా జరుపుకున్నాను.

"ఏంటే, గియ్యవా?" అంది ఆవిడ.

"లేదు పెద్దమ్మా. ఊరికే కూర్చుంటాను" అన్నాను.